జపాన్ ఇంటి కూరన్నం

1864లో జపాన్‌ను ఏలుతున్న తోకుగవా ప్రభుత్వం యూరప్‌కు పంపిన రాయబార బృందంలో మియాకే హిదే అనే కుర్రవాడు ఉన్నాడు. పదిహేనేళ్ళ వయసు. ఓడ మీద కొందరు భారతీయులు భోంచేస్తుంటే చూశాడు. అన్నం మీద మిరపపొడి చల్లుకుని, దుంపకూర లాంటి మెత్తటి పదార్థమేదో వేసుకుని, అంతా చేత్తో కలిపి తింటున్నారు. ఆ తినే తీరు అతనికి పరమ అసహ్యంగా తోచింది. దినచర్యలో అలాగే రాసుకున్నాడు.

ఏడేళ్ళ తర్వాత, 1871లో, ఐజు ప్రాంతపు సమురాయ్ ఇంటి బిడ్డ యమకవా కెంజిరో చదువు కోసం అమెరికా వెళ్ళే ఓడ ఎక్కాడు. పాశ్చాత్య భోజనం వాసనే గిట్టక కొన్నాళ్ళు సరిగా తిననే లేదు. చివరికి వంటకాల పట్టికలో అన్నంతో ఇచ్చేది ఒకటి కనిపిస్తే అది తెప్పించుకున్నాడు. పళ్ళెం వచ్చింది. అన్నం మీద పోసిన ఆ చిక్కటి పదార్థాన్ని మాత్రం ముట్టలేకపోయాడు. పంచదార పాకంలో ఉడికించిన ఆప్రికాట్ పళ్ళు అడిగి, వాటిని నంచుకుని అన్నం తిన్నాడు.

ఈ కుర్రవాళ్ళిద్దరూ తర్వాత పెద్దవాళ్ళయ్యారు. మియాకే వైద్య విద్యకు పెద్దదిక్కుగా నిలిచాడు. యమకవా భౌతికశాస్త్ర ఆచార్యుడై, 1901లో టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. అదే కాలంలో, వాళ్ళ కళ్ళ ముందే, ఆ పళ్ళెంలోని వంటకం బ్యారక్‌లకూ హోటళ్ళకూ ఇళ్ళకూ పాకిపోయింది. జపాన్ భోజనమంటే పరాయి దేశస్థులకు ముందు గుర్తొచ్చేవి సుషీ, తెంపురా, రామెన్. సుషీ చేయడానికి చేయి తిరిగినవాడు కావాలి, రామెన్‌కు దుకాణానికి వెళ్ళాలి. జపాన్ తల్లి పిల్లలకు వారానికో రెండు వారాలకో ఒకసారి ఇంట్లో పెద్ద గిన్నె నిండా వండి పెట్టేది, మర్నాడు మిగిలింది వేడి చేసి వడ్డించేది మాత్రం కరే రైస్. మన కూరన్నానికి దూరపు బంధువు. ఇది ఇంటి వంట అయిన దారిలో గొప్ప వంటవాళ్ళ కన్నా ఓడ వంటశాలలూ సైనిక శిబిరాలూ బడి భోజనాలూ మందుల దుకాణాలే ఎక్కువ కనిపిస్తాయి.

ముందుగా మాంసం సంగతి చెప్పాలి. బౌద్ధ ధర్మం పేరున తెన్ము చక్రవర్తి 675లో ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. ఆ కట్టడి అన్ని కాలాల్లోనూ అందరూ పాటించిందేమీ కాదు. అయినా పశుమాంసం తినడం తప్పన్న భావం పన్నెండు వందల ఏళ్ళు నిలిచింది. 1872లో మేజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడన్న వార్త పత్రికల్లో వచ్చింది. పాశ్చాత్యుల శరీర దారుఢ్యం, వాళ్ళ సైన్యం, వాళ్ళ భోజనం అన్నీ ఒకే మూటగా కనిపించిన రోజులవి. ఆ ఏడాదే పాశ్చాత్య వంటల మీద రెండు పుస్తకాలు వెలువడ్డాయి. రెండింటిలోనూ కరే ఉంది. ఒక దానిలో చెప్పిన పదార్థాలు చూస్తే ఇప్పటివాళ్ళు నివ్వెరపోతారు: లీక్ కాడలు, అల్లం, వెల్లుల్లి, వెన్న, కోడి, రొయ్యలు, చేప, ఆలిచిప్పలు, ఆపైన ఎర్ర కప్ప. ఇవన్నీ ఉడికించి, కర్రీ పొడి వేసి, ఉప్పు చూసుకుని, చివర గోధుమపిండి నీళ్ళలో కలిపి పోయాలి.

కప్ప పోయింది. గోధుమపిండి నిలిచిపోయింది. ఆ పిండే ఈ వంటకం ఏ దారిన వచ్చిందో చెబుతుంది. జపాన్‌కు కూర భారతదేశం నుంచి నేరుగా రాలేదు. 1859లో యొకొహామా రేవు తెరిచాక బ్రిటిష్ వర్తకులతో, ఓడల వాళ్ళతో వచ్చింది. మన వంటిళ్ళలో రోటిలో నూరి, పోపు పెట్టి, ఏ కూరకు ఆ మసాలా వేసే పద్ధతి ఇంగ్లండు చేరేసరికి ఒకే డబ్బాలోని పసుపుపచ్చ పొడిగా మారింది. క్రాస్ అండ్ బ్లాక్‌వెల్ కంపెనీ డబ్బాలు ఆసియా రేవులన్నిటికీ వెళ్ళేవి. ఆ పొడిని ఇంగ్లీషువాళ్ళు కొవ్వులో వేయించిన పిండితో కలిపి చిక్కటి పులుసు చేసుకునేవారు. జపాన్‌కు అందింది ఆ పులుసు. మన దప్పళానికి చివర్లో బియ్యప్పిండి జారుగా కలిపితే వచ్చే చిక్కదనం ఎరిగినవాళ్ళకు దాని ఒరవడి సులువుగా అర్థమవుతుంది. జపాన్‌వాళ్ళు తినే పొట్టిగింజ బియ్యపు అన్నం కొంచెం జిగటగా ఉంటుంది. పలుచటి చారు దాని మీద నిలవదు. ఈ పులుసు నిలుస్తుంది.

అయితే చాలాకాలం అది పట్నాల్లోని పాశ్చాత్య భోజనశాలల్లో డబ్బున్నవాళ్ళు తినే వంటకమే. దాన్ని జనం దగ్గరికి చేర్చిన కథలో మొదటి పాత్ర ఒక జబ్బుది.

బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపు, గుండె నీరసించడం, మరణం. తెలుగు తీరానికీ ఇది ఎరిగిన జబ్బే. ఉత్తర సర్కారుల్లో సిపాయిలనూ జనాన్నీ పీడించిన బెరిబెరి గురించి ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. బియ్యం తినే దేశాల్లో పొట్టు పూర్తిగా తీసిన తెల్లబియ్యం ఎక్కడ ప్రధాన ఆహారమైతే అక్కడ ఈ జబ్బు వేళ్ళూనింది. పల్లెటూరి జపాన్ యువకుడికి ఇంట్లో తెల్లన్నం అరుదు. బార్లీ, చిరుధాన్యాలు కలిపిన అన్నమే రోజూ. సైన్యంలో చేరితే కడుపునిండా తెల్లన్నం పెడతారన్నది ఆ రోజుల్లో పెద్ద ఆశ. ఆ తెల్లన్నమే వాళ్ళను మంచాన పడేసింది.

తకాకి కనెహిరో నౌకాదళ వైద్యుడు. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1875 నుంచి అయిదేళ్ళు చదివి వచ్చాడు. అక్కడ ఈ జబ్బే కనిపించలేదు. ఇక్కడ ఓడల్లో మామూలు నావికులకు ఎక్కువ, అధికారులకు తక్కువ. విదేశీ రేవుల్లో దిగి అక్కడి తిండి తిన్నన్నాళ్ళు జబ్బు తగ్గుతోంది, మళ్ళీ సముద్రం మీదికి వచ్చి అన్నం మొదలుపెడితే తిరగబెడుతోంది. 1883లో ర్యూజో అనే శిక్షణ నౌక న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, హవాయి చుట్టి వచ్చింది. అందులో 376 మంది ఉంటే 169 మందికి బెరిబెరి సోకింది, 25 మంది చనిపోయారు. మరుసటి ఏడాది తకాకి పట్టుబట్టి త్సుకుబా అనే నౌకను అదే దారిలో పంపించాడు. భోజనం మాత్రం మార్చాడు: మాంసం, రొట్టె, పాలు, బార్లీ. ఒక్క మరణమూ లేకుండా నౌక తిరిగొచ్చింది. జబ్బుపడ్డ కొద్దిమందీ కొత్త భోజనం సరిగా తిననివాళ్ళే.

మాంసకృత్తుల లోటే కారణమని తకాకి అనుకున్నాడు. అసలు లోటు తవుడులో ఉండే విటమిన్ బి1ది. ఆ తవుడు సారాన్ని సుజుకి ఉమెతారో వేరుచేసింది 1910లో. కారణం తప్పయినా మందు పనిచేసింది. భూసైన్యం మాత్రం ఈ మాట చెవిన పెట్టలేదు. ఆ సైన్యపు వైద్యాధికారుల్లో మోరి ఒగాయ్ ఒకడు. సాహిత్యంలో మహా రచయిత. ఈ విషయంలో మాత్రం తెల్లన్నం వైపే నిలబడ్డాడు. 1904-05లో రష్యాతో జరిగిన యుద్ధంలో జపాన్ సైన్యం సుమారు 27,000 మందిని బెరిబెరికి పోగొట్టుకుంది. ఆ ప్రాణాలను తలుచుకుంటే, తకాకి మాట విన్న నౌకాదళపు వంటశాల విలువ తెలుస్తుంది.

నౌకాదళానికి వచ్చిన చిక్కు మరొకటి. నావికులకు రొట్టె గొంతు దిగదు, ఉడికించిన మాంసం నచ్చదు. బార్లీ కలిపిన అన్నం ఇస్తే మొహం ముడుచుకుంటారు. అన్నీ ఒకే పళ్ళెంలో మరుగుపడి, రుచిగా లోపలికి వెళ్ళే ఉపాయం కావాలి. బ్రిటిష్ నౌకాదళాన్ని చూసి తమ దళాన్ని దిద్దుకున్న జపాన్‌వాళ్ళకు కరే ఎదురుగానే ఉంది. 1908లో మైజురు నౌకాస్థావరంలో అచ్చు వేసిన వంటల పుస్తకంలో దాని విధానం ఉంది: గొడ్డుమాంసం లేదా కోడి, ఉల్లిపాయ, క్యారెట్, బంగాళాదుంప, కొవ్వులో గోధుమపిండి వేయించి, కర్రీ పొడి కలిపి, మాంసపు రసం పోసి చిక్కబరచడం, పక్కన ఊరగాయ. ఇప్పుడు జపాన్ ఇంట్లో ఎవరు వండినా వేసే కూరగాయలు ఆ మూడే. ఎక్కువ మందికి ఒకే గిన్నెలో వండవచ్చు, గిన్నెలు కడిగే పని తక్కువ, లెక్క సులువు. ఈ గుణాలు ఓడకు ఎంత అవసరమో బడికీ, కార్ఖానాకూ, చివరికి పనుల ఒత్తిడిలో ఉన్న ఇల్లాలికీ అంతే అవసరం.

ఈనాటికీ జపాన్ నౌకాదళంలో శుక్రవారం మధ్యాహ్నం కరే వడ్డిస్తారు. సముద్రం మీద రోజులన్నీ ఒకేలా గడుస్తుంటే వారం గడిచిందని నావికులకు దానితో తెలుస్తుందంటారు. ఒక్కో ఓడది ఒక్కో పాకం. కొన్ని కాఫీ వేస్తాయి, కొన్ని చాక్లెట్, కొన్ని ఎర్ర ద్రాక్షసారా. నౌకాస్థావరమున్న యొకొసుకా పట్నం 1999లో తనను కరే పట్నంగా ప్రకటించుకుని, 1908 పుస్తకం ప్రకారం వండే కరేను వడ్డిస్తోంది.

సైన్యమూ తర్వాత దారికి వచ్చింది. 1910లో అచ్చయిన సైనిక వంటల పుస్తకంలో కరే చేరింది. నిర్బంధ సైనిక సేవ వల్ల ఊరూరి నుంచి రైతుల బిడ్డలు బ్యారక్‌లకు వెళ్ళేవారు. అక్కడ నేర్చిన వంటను ఇంటికి తెచ్చారు. ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్ హొక్కైదో పొలాల్లో విస్తారంగా పండడం మొదలయ్యాక సరుకుకు కొరత లేకపోయింది. పట్నపు విద్యార్థులకూ ఇది ప్రియమైన భోజనమైంది. నత్సుమే సోసెకి 1908లో రాసిన ‘సన్షిరో’ నవలలో ఊరి నుంచి వచ్చిన కథానాయకుడికి స్నేహితుడు తినిపించేది కరే రైసే.

పొడి మాత్రం ఇంకా ఇంగ్లండు నుంచే రావాలి. ఇక్కడ మందుల దుకాణాలు కథలోకి వస్తాయి. పసుపు, దాల్చినచెక్క, లవంగం, సోంపు చైనా వైద్యంలో మందులే కాబట్టి అవి ఆ దుకాణాల్లోనే దొరికేవి. ఒసాకాలో మందుల టోకు వ్యాపారం చేసే యమతోయా దుకాణం 1905లో తొలి స్వదేశీ కర్రీ పొడిని అమ్మింది. టోక్యోలో యమజకి మినెజిరో అనే యువకుడు తనంతట తాను పొడులు కలిపి చూస్తూ 1923లో ఒక పాకం సాధించాడు. ఎస్ అండ్ బి కంపెనీకి అది పునాది. హోటళ్ళ వంటవాళ్ళు ఇంగ్లీషు డబ్బా తప్ప మరొకటి తాకమనేవారు. 1931లో ఆ డబ్బాల్లో నాసిరకం స్వదేశీ పొడి నింపి అమ్ముతున్న ముఠా దొరికింది. వాళ్ళు అన్నాళ్ళు అమ్ముతున్నా ఎవరూ తేడా పట్టలేదు! స్వదేశీ పొడికి అంతకన్నా యోగ్యతాపత్రం ఏం కావాలి?

1920ల చివరికి టోక్యోలో, ఒసాకాలో రెండు పళ్ళేల కరే రెండు దారులు చూపించింది. ఈ కథలో నిలబడి చూడదగ్గ చోటు ఇదే.

మొదటిది టోక్యో షింజుకులోని నకమురయా. సోమా ఐజో, ఆయన భార్య కొక్కో 1901లో ఒక రొట్టెల దుకాణం కొని నడుపుతూ, 1909లో షింజుకులో స్థిరపడ్డారు. శిల్పులు, చిత్రకారులు, రచయితలు వాళ్ళింట్లో మసిలేవారు. 1912 డిసెంబర్ 23న ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు పడిన కేసులో బ్రిటిష్ ప్రభుత్వం వెతుకుతున్న రాస్ బిహారీ బోస్ 1915లో మారుపేరుతో, టాగోర్ బంధువునని చెప్పుకుని జపాన్ చేరాడు. బ్రిటన్ ఒత్తిడితో జపాన్ ప్రభుత్వం దేశం వదలమని ఆయనను ఆజ్ఞాపించింది. వెళ్తే ఉరికంబమే. సోమా దంపతులు తమ దుకాణం వెనకనున్న చిత్రకారుడి గదిలో ఆయనను కొన్ని నెలలు దాచారు. భాష తెలియని మనిషి, బయటికి అడుగు పెట్టలేని స్థితి. దుకాణంలో పనిచేసేవాళ్ళందరికీ సంగతి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆజ్ఞ రద్దయ్యాక కూడా గూఢచారుల భయంతో ఇళ్ళు మారుతూనే ఉండాల్సి వచ్చింది. 1918లో సోమా దంపతుల పెద్ద కూతురు తోషికోతో ఆయన పెళ్ళయింది. ఇద్దరు బిడ్డలు. 1923లో ఆయనకు జపాన్ పౌరసత్వం వచ్చింది. 1925లో తోషికో చనిపోయింది. ఇరవయ్యారేళ్ళు. ఆమె పోయిన రెండేళ్ళకు, 1927 జూన్ 12న, నకమురయా తన దుకాణంలో కూర్చుని తినే విభాగం తెరిచింది. షింజుకులో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ పోటీకి రావడంతో కొత్తదేదైనా పెట్టాలనుకున్నారు. భారతదేశపు కూర పెడదామన్నాడు బోస్. మన దేశపు కూరంటే పిండి కలిపిన పసుపు పులుసని జపాన్‌లో అందరూ అనుకోవడం ఆయనకు కష్టంగా ఉండేది. ఆ పులుసు వెళ్ళింది ఇంగ్లండు మీదుగా కదా! తన దేశాన్ని ఏలుతున్నవాడి చేతి మీదుగా తన దేశపు రుచి పరిచయం కావడం ఒక విప్లవకారుడికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

పిండి లేకుండా, మసాలాలు విడివిడిగా వేసి, ఎముకతో ఉన్న కోడిముక్కలతో ఆ కూర వండారు. మొదట్లో వాసనకు, ఎముకలకు వచ్చినవాళ్ళు బెదిరారు. బియ్యం విషయంలోనూ తంటాలు పడ్డారు. మన బియ్యపు అన్నం వాళ్ళకు సహించలేదు, వాళ్ళ జిగటన్నం ఈ కూరకు కుదరలేదు. చివరికి సైతామా ప్రాంతంలో పండే ‘షిరొమె’ అనే మేలురకం బియ్యం వాడారు. కోళ్ళను కంపెనీ సొంతంగా పెంచింది. ధర 80 సెన్ (యెన్‌లో వందో వంతు సెన్). మామూలు హోటల్లో కరే రైస్ పది పన్నెండు సెన్‌లకే దొరికే రోజులవి. అయినా జనం బారులు తీరారు. అదే వంటకాల పట్టికలో రష్యా బోర్ష్ సూప్ కూడా ఉండేది. అంధుడైన రష్యన్ కవి ఎరొషెంకోకు ఒకప్పుడు ఆశ్రయమిచ్చిన ఇల్లు కూడా ఇదే మరి. పరదేశి అతిథుల జ్ఞాపకాలు ఒక దుకాణపు వంటకాలుగా నిలవడం అరుదైన సంగతి. నకమురయాలో ఆ కూర ఇప్పటికీ వడ్డిస్తున్నారు.

రెండో పళ్ళెం ఒసాకాది. హాంక్యూ రైలు కంపెనీని నడిపిన కొబయాషి ఇచిజో 1929లో ఉమెదా రైల్వే స్టేషన్ మీద డిపార్ట్‌మెంట్ స్టోర్ కట్టించి, పై అంతస్తులో పెద్ద భోజనశాల పెట్టాడు. అక్కడ కరే రైస్ 20 సెన్. నకమురయా ధరలో నాలుగో వంతు. ఆ ఏడాదే ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో పడింది. జీతాలు తెగ్గోశారు, ఉద్యోగాలు పోయాయి. చేతిలో డబ్బు లేని యువకులు ఆ భోజనశాలకు వచ్చి అయిదు సెన్‌లకు ఉత్త అన్నం తీసుకుని, బల్ల మీద ఊరికే ఉండే వూస్టర్ సాస్ దాని మీద పోసుకుని తినేవారు. మిగతా భోజనశాలలు ఇలాంటివాళ్ళను రానివ్వలేదు. ఇక్కడి పనివాళ్ళూ విసుక్కున్నారు. కొబయాషి మాత్రం ఉత్త అన్నం తినేవాళ్ళకూ స్వాగతమని బోర్డు పెట్టించాడు. ఊరగాయ కాస్త ఎక్కువే వేయమన్నాడని చెబుతారు. ఈ రోజు డబ్బు లేనివాడు రేపు పెళ్ళాం బిడ్డలతో వస్తాడన్నది ఆయన లెక్క. వ్యాపారి లెక్కే కావచ్చు, కానీ అందులో మనిషి మీద నమ్మకం ఉంది.

అసలైన కూరను గౌరవంగా పరిచయం చేయాలన్న తపన ఒకచోట, కూలివాడి చేతికీ అందాలన్న తపన ఒకచోట. కరే ఇంటి వంట కావడానికి రెండోదే ఎక్కువ తోడ్పడిందని ఒప్పుకోవాలి. అయితే బోస్ వేసిన గింజ కూడా వృథా పోలేదు. దాని మొలకలు తర్వాత కనిపిస్తాయి.

ఆ దశకంలో కరే కొత్త రూపాలూ ఎత్తింది. 1927లో టోక్యో కోతో ప్రాంతంలోని ఒక రొట్టెల దుకాణం కూరను పిండిలో పొదిగి నూనెలో వేయించింది. అదే కరే పాన్. సోబా దుకాణాలు అంతకు ముందే చేపరసంలో కరే కలిపి నూడుల్స్ మీద పోస్తున్నాయి. 1948లో టోక్యో గింజా ప్రాంతంలోని స్విస్ అనే భోజనశాలలో బేస్‌బాల్ ఆటగాడు చిబా షిగెరు ఆట ముందు గబగబా తినడానికి కరే మీదే పంది కట్లెట్ పెట్టమన్నాడట. కత్సు కరేకు ఆ దుకాణం చెప్పే పుట్టుక కథ అది.

యుద్ధకాలంలో మసాలాలు దొరకలేదు. కరే పొడి తయారీ సైన్యానికి మాత్రమే సాగింది. బోస్ 1945 జనవరి 21న టోక్యోలో కన్నుమూశాడు, స్వతంత్ర భారతాన్ని చూడకుండానే. ఆయన కొడుకు అదే ఏడాది ఒకినావా యుద్ధంలో చనిపోయాడు.

యుద్ధం తర్వాత అసలు మార్పు వంటింట్లో జరిగింది. పిండి కొవ్వులో మాడకుండా వేయించడం ఓపిక కావలసిన పని. 1950లో బెల్ కంపెనీ పిండి, కొవ్వు, మసాలా కలిపి బిళ్ళగా గట్టిపరచి అమ్మింది. చూడ్డానికి చాక్లెట్ పలక లాగే ఉంటుంది. ముక్కలు విరిచి ఉడుకుతున్న కూరగాయల్లో వేస్తే సరిపోతుంది. మిగతా కంపెనీలు వెంటనే అందుకున్నాయి. అప్పటిదాకా కరే పెద్దవాళ్ళ కారం. 1963లో హౌస్ కంపెనీ ఆపిల్, తేనె కలిపిన ‘వెర్మంట్ కరే’ తెచ్చి దాన్ని పిల్లల భోజనం చేసింది. అమెరికాలోని వెర్మంట్ రాష్ట్రంలో ఆపిల్ వెనిగర్, తేనె ఆరోగ్యానికి మంచివని ప్రచారంలో ఉన్న చిట్కా నుంచి ఆ పేరు పుట్టింది. 1968 ఫిబ్రవరి 12న ఒత్సుకా కంపెనీ ‘బాన్ కరే’ విడుదల చేసింది. వేడినీళ్ళలో మూడు నిమిషాలు ముంచి తినగలిగే సంచి భోజనం. సెలైన్ లాంటి మందుల తయారీలో ఉన్న కంపెనీకి క్రిమిరహితం చేసే విద్య తెలుసు, ఆ విద్య కూరకు పనికొచ్చింది. 1982 జనవరి 22న దేశమంతా బడుల్లో ఒకే రోజున కరే వడ్డించాలని బడి భోజనాల పోషకాహార నిపుణుల సంఘం తలపెట్టింది. ఇంటిలో, బడిలో, కార్యాలయపు క్యాంటీన్‌లో, మంచు మీద జారే స్కీయింగ్ కేంద్రాల్లో, ఎక్కడ చూసినా ఆ పళ్ళెమే. చాప్‌స్టిక్స్ దేశంలో దీన్ని తినేది చెంచాతో.

బోస్ వేసిన గింజ సంగతికి వద్దాం. తిరువనంతపురం నుంచి క్యోటోకు చదువుకోడానికి వెళ్ళి, బోస్‌తో కలిసి స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసిన ఎ.ఎం. నాయర్ 1949లో గింజాలో భోజనశాల తెరిచాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఎముక వదిలేలా ఉడికించిన కోడికాలు తెచ్చి, వడ్డించేవాడే ఎముక తీసి, క్యాబేజీ, బంగాళాదుంప, అన్నంతో బాగా కలిపి తినమని చెబుతాడు. మియాకే హిదే ఓడ మీద చూసి అసహ్యించుకున్న కలుపుడు అది. గింజాలో దాని కోసం వరుసలో నిలబడతారు.

తెలుగువాళ్ళ అడుగు కూడా అక్కడ పడింది. ఆంధ్రదేశం నుంచి జపాన్ వెళ్ళిన మూర్తి గారు 1950లలో టోక్యోలో ‘అజంతా’ పేరుతో చిన్న కాఫీ దుకాణం పెట్టారు. అది పెరిగి భోజనశాల అయింది. కుదాన్‌లో కొన్ని దశాబ్దాలు, తర్వాత కోజిమాచిలో నడిచింది. భారతీయ భోజనమంటే నాన్ రొట్టె, వెన్న వేసిన కూర అని జపాన్ అంతా స్థిరపడకముందే దోసె, ఇడ్లీ, సాంబారు, ఘాటైన కోడికూర అక్కడ దొరికేవి. దక్షిణాది వంట మీద మక్కువ పెంచుకున్న జపాన్ వంటవాళ్ళు, రచయితలు ఆ దుకాణాన్ని గురువు స్థానంలో పెట్టి మాట్లాడతారు. ఇవాళ టోక్యోలో పేరులోనే ‘ఆంధ్రా’ ఉన్న భోజనశాలలున్నాయి. జపాన్ యువకులు అరిటాకు మీద పప్పు, రసం, పెరుగు వరసగా కలుపుకుని, చేత్తో తినడం నేర్చుకుంటున్నారు. మన భోజనానికి అంత శ్రద్ధగల అతిథులు మరో దేశంలో దొరకడం కష్టం.

రెండువేల సంవత్సరం ప్రాంతం నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్ళిన భారతీయులు టోక్యో తూర్పున నిషి కసాయి చుట్టుపక్కల స్థిరపడ్డారు. వాళ్ళలో తెలుగు కుటుంబాలెన్నో. అక్కడి సూపర్ బజారులో కరే బిళ్ళల పెట్టెలు ఒక అలమర నిండా ఉంటాయి. శాకాహారులు మాత్రం పెట్టె వెనక రాసింది చదవాల్సిందే. చాలా బిళ్ళల్లో గొడ్డు కొవ్వు, పంది కొవ్వు కలిసి ఉంటాయి. అందుకే వాళ్ళు కూర వాసన గుమ్మంలోనే పలకరించే దేశంలో ఉండి కూడా, ఆ దేశపు కూరన్నం తినలేకపోయారు. ఈమధ్య జంతు కొవ్వు లేని రకాలు వస్తున్నాయి. బడికి వెళ్ళే పిల్లలు స్నేహితుల దగ్గర విని ఇంట్లో కరే అడుగుతారు. తల్లులు ఆ బిళ్ళతో వండి, తమ పళ్ళెంలోకి మాత్రం కొంచెం కారం కలుపుకుంటారు.

ఇక కరే ఓడ దిగిన దేశం నుంచి మళ్ళీ ప్రయాణం కట్టింది. జపాన్ పాలన కాలంలోనే అది కొరియా, తైవాన్‌లకు వెళ్ళింది. కొరియాలో 1969లో మొదలైన ఒట్టోగి కంపెనీ తొలి సరుకు కర్రీ పొడే. ఇంగ్లండుకూ తిరిగి చేరింది. 1992లో లండన్‌లో మొదలైన వాగమామా భోజనశాలల్లో కత్సు కరే అన్నిటికన్నా పేరు తెచ్చుకుంది. వందేళ్ళ కిందట తాము పిండి కలిపి పంపిన పులుసే అది. బ్రిటిష్ జనం దాన్ని జపాన్ వంటగా ఇష్టపడి తింటున్నారు.

నగోయా దగ్గర ఒక దంపతులు కాఫీ దుకాణం నడుపుతూ, ఇల్లాలి చేతి కరే బాగా అమ్ముడవుతోందని గమనించి, 1978లో దానికోసమే ఒక దుకాణం తెరిచారు. అదే కోకో ఇచిబాన్యా. అన్నం ఎన్ని గ్రాములో, కారం ఏ మెట్టో, పైన ఏం వేయాలో తినేవాడే ఎంచుకోవచ్చు. 2013లో ప్రపంచంలోకెల్లా పెద్ద కూర భోజనశాలల గొలుసుగా గిన్నిస్ గుర్తింపు పొందింది. 2018లో లండన్‌లో దుకాణం తెరిచింది. 2020 ఆగస్టులో, కరోనా నడుమ, గురుగ్రామ్‌లో.

అక్కడ గొడ్డుమాంసం, పందిమాంసం లేవు. శాకాహారుల కోసం పులుసు వేరుగా కాస్తారు. జపాన్‌లో ఎవరూ అడగని పనీర్ ఇక్కడ కరే మీదికి వచ్చింది. ఢిల్లీ పరిసరాల్లో పనిచేసే జపాన్ ఉద్యోగులు ఇంటి భోజనం కోసం వస్తారు. పక్క బల్ల దగ్గర గురుగ్రామ్ కుర్రవాళ్ళు జపాన్ వంట ఎలా ఉంటుందో చూద్దామని కరే తెప్పించుకుంటారు.